బీఏ ఇంగ్లిష్ లిటరేచర్: మైనర్ ఏది పెట్టాలి, పేపర్లు ఏ వరసలో చదవాలి, రాయడం ఎప్పుడు నేర్చుకోవాలి?

గుంటూరు_ప్యాసింజర్:

అందరికీ నమస్తే అండీ. మా ఇల్లు గుంటూరు, కాలేజీ బెజవాడ, రోజూ పొద్దున ట్రైన్‌లో వెళ్లి సాయంత్రం ట్రైన్‌లో తిరిగొస్తా. బీఏ ఇంగ్లిష్ మేజర్ తీసుకున్నా, ఫస్ట్ సెమ్ పరీక్షలు అయిపోయాయి, రెండో సెమ్ నుంచి మైనర్ (మేజర్ పక్కన చదివే రెండో సబ్జెక్టు) ఉంటుంది, సోమవారం లోపు ఫారం ఇమ్మన్నారు. జర్నలిజం, తెలుగు, హిస్టరీ, కంప్యూటర్ అప్లికేషన్స్, ఈ నాలుగులో ఒకటి పెట్టుకోవాలంట.

ఏడో క్లాస్ దాకా నేను తెలుగు మీడియం. అమ్మమ్మ వాళ్లింట్లో పాత వారపత్రికల సీరియల్స్ చింపి బైండింగ్ చేయించి పెట్టేవాళ్లు, అవి చదివి చదివి నాకూ కథలు రాయాలని పట్టుకుంది. అందుకే ఈ డిగ్రీలో చేరా. కానీ చేరాక చూస్తే సిలబస్ అంతా చదవడమే, రాయడం నేర్పే పేపర్ చివర్లో ఎక్కడో ఆప్షన్‌గా ఉంది, అది కూడా చాలామంది అడిగితేనే నడుపుతారంట. అప్పటిదాకా ఆగాలా? సీనియర్స్ ఏమో ముందు లిటరరీ హిస్టరీ మొత్తం బట్టీ కొట్టెయ్, తర్వాత అన్నీ ఈజీ అంటున్నారు. ఇంకొకళ్లు థియరీ, అంటే సాహిత్యాన్ని ఎలా విశ్లేషించాలో చెప్పే సిద్ధాంతాలు, ఇప్పుడే మొదలెట్టకపోతే పీజీలో ఇబ్బంది అంటున్నారు.

ఇంకో భయం ఏంటంటే నేను చాలా స్లోగా చదువుతా. డిక్షనరీ పక్కన పెట్టుకుని గంటకి పది పేజీలు, బాగా కుదిరితే పన్నెండు. నవలలున్న పేపర్లు రెండు ఒకే సెమ్‌లో వస్తే ఎలా తట్టుకోవాలో తెలియట్లేదు. నాన్న కంప్యూటర్ అప్లికేషన్స్ పెట్టుకో, ఉద్యోగానికి పనికొస్తుంది అంటున్నారు, ఆయన చెప్పేది తప్పని నేను అనట్లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే నాలుగేళ్లకి ఎలా ప్లాన్ చేసుకోవాలో కాస్త చెప్పండి ప్లీజ్.

కొరిటెపాడు_అక్క:

చెల్లీ, నేను గుంటూరులోనే బీఏ చేసి నాగార్జున యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్ చేశాను, ఇప్పుడు అనువాదాలు చేస్తా, ఇంగ్లిష్ నుంచి తెలుగుకీ తెలుగు నుంచి ఇంగ్లిష్‌కీ, తిండి పెట్టేది అదే. అందుకని నా మాట ఒకవైపు మొగ్గుతుంది, అది మనసులో పెట్టుకుని చదువు.

మైనర్ తెలుగు పెట్టుకో. ఊరికే అభిమానంతో చెప్పట్లేదు. నువ్వు రాయాలనుకుంటున్నావు కదా, మన దగ్గర ఇంగ్లిష్ చదువుకుని రాసినవాళ్లలో గురజాడని చూడు. ఆయన ముందు రాసింది ఇంగ్లిష్‌లోనే, సారంగధర అని 1883లో ఇంగ్లిష్ పద్యకావ్యం అచ్చయింది. అది చూసి కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ నీ భాషలో రాయి అని ప్రోత్సహించారు. తర్వాత 1892లో కన్యాశుల్కం ఆడారు, 1897లో అచ్చు వేశారు. ఆ తెలుగు నాటకానికి గురజాడ రాసిన ముందుమాట ఇంగ్లిష్‌లో ఉంటుంది! పెళ్లి పేరుతో ఆడపిల్లల్ని అమ్ముకోవడం గురించి, నాటకాన్ని వాడుకభాషలో ఎందుకు రాశాడో దాని గురించి. నీకు సిలబస్‌లో ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ 1800లో లిరికల్ బాలడ్స్ అనే కవితల పుస్తకం రెండో ముద్రణకి రాసిన ముందుమాట ఎలాగూ వస్తుంది, మామూలు మనుషులు మాట్లాడే మాటలోనే కవిత్వం రాయాలని ఆయన వాదన. ఈ రెండు ముందుమాటలూ పక్కపక్కన పెట్టుకుని చదువు. నేను ఎంఏ అయిపోయాక చదివా, డిగ్రీలో ఎవరన్నా చెప్పుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంగ్లిష్ పేపర్‌లో వచ్చింది తెలుగు పేపర్‌లో కలుస్తుంటే చదివింది నిలబడుతుంది, లేకపోతే వర్డ్స్‌వర్త్ ఎక్కడో ఇంగ్లండ్‌లోనే ఉండిపోతాడు.

ఇక నేను చేసిన పొరపాటు. నేను చదివిన కాలేజీలో నోట్స్ డిక్టేట్ చేసేవాళ్లు, అదే పరీక్షలో రాసేవాళ్లం, ఆల్ ఇన్ వన్ గైడ్ ఉంటే చాలు, మూడేళ్లలో నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పుస్తకాలు నాలుగో ఐదో. రాయడం ఫైనలియర్‌లో చూద్దాంలే అనుకున్నా, తీరా ఆ ఏడాది ఆ పేపర్ నడపనే లేదు. ఎంఏలో చేరాక ఒక సార్ నాకు నచ్చిన కవిత మీద సొంతంగా రెండు పేజీలు రాసుకు రమ్మంటే కాగితం ముందు పెట్టుకుని రాత్రంతా కూర్చున్నా, ఒక్క వాక్యం రాలేదు. మూడేళ్లు ఇంగ్లిష్ లిటరేచర్ చదివిన మనిషిని. నీకు ఆ రాత్రి రాకూడదు. అందుకే ఏ సెమ్‌లో ఏ పేపర్ వచ్చినా సరే, వారానికి ఒక పేజీ నీ సొంతది ఉండాలి. కాలేజీ అడగదు, నువ్వే పెట్టుకోవాలి.

సత్యనారాయణపురం_కుర్రాడు:

అక్క చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా కానీ మైనర్ విషయంలో నేను వేరేలా చెప్తా. నేను ఇంగ్లిష్ లిటరేచర్‌తో పాటు జర్నలిజం చదివా, ఇప్పుడు కంటెంట్ రాసే ఉద్యోగం. జర్నలిజం వల్ల నాకు వచ్చింది ఒకటే, గడువు. సాయంత్రం ఐదింటికి మూడొందల పదాలు ఇవ్వాలంటే ఇవ్వాలి, మూడ్ లేదంటే కుదరదు. బస్టాండ్‌లో మంచినీళ్ల గురించి ఐటెం రాసుకు రమ్మని పంపారు మమ్మల్ని, పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో నాలుగు గంటలు తిరిగి పన్నెండు మందితో మాట్లాడి రాస్తే సార్ మొదటి రెండు పేరాలు పెన్నుతో కొట్టేసి మూడో పేరా దగ్గర వేలు పెట్టి నీ వార్త ఇక్కడ మొదలైంది అన్నారు. అది నేను ఏ లిటరేచర్ క్లాస్‌లోనూ నేర్చుకోలేదు. ఇప్పటికీ ఏం రాసినా మొదటి రెండు పేరాలు తీసేసి చూస్తా, చాలాసార్లు అవి అక్కర్లేదు.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి, కంప్యూటర్ మైనర్‌లో నేర్పేది బయట కూడా నేర్చుకోవచ్చు, కానీ ఎడిట్ చేసి చూపించే మనిషి బయట దొరకడు. అలాగని ఆయన భయాన్ని తీసిపారేయకండి, టైపింగ్, ఎక్సెల్, తెలుగు యూనికోడ్ టైపింగ్ ఈ మూడూ వేసవిలో నేర్చుకోండి. తెలుగు టైపింగ్ రెండు చేతులతో వచ్చినవాళ్లకి మా ఆఫీసులో విలువుంది, ఇంగ్లిష్ వచ్చి తెలుగు కూడా టైప్ చేయగలిగితే ఇంకా.

పుస్తకాలకి కొత్తవి కొనకండి, డబ్బులు వేస్ట్. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు చూసే ఉంటారు, సెమ్ మొదట్లో వెళ్తే దొరకవు, పరీక్షలు అయిపోయిన వారం వెళ్లండి, సీనియర్స్ అమ్మేసినవి వస్తాయి. నేను అక్కడ కొన్న షేక్‌స్పియర్ నాటకంలో ఎవరో పెన్సిల్‌తో ప్రతి కష్టమైన మాట పైన చిన్న అక్షరాల్లో తెలుగు అర్థం రాసిపెట్టారు, మూడో అంకం సగందాకా. అక్కడితో ఆగిపోయింది. మిగతా సగం నేను రాశా. ఆ నాటకం నాకు ఇప్పటికీ డైలాగులతో సహా గుర్తుంది. జనవరి మొదట్లో జరిగే బుక్ ఎగ్జిబిషన్ కూడా వదలకండి, చివరి రెండు రోజులు వెళ్తే బేరం ఆడొచ్చు. ఇక దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీ మెటీరియల్ ఈ-జ్ఞానకోశ్ సైట్లో ఫ్రీగా ఉంటుంది, బీఏదీ ఎంఏదీ రెండూ, బజారు గైడ్ కంటే వంద రెట్లు నయం.

పాత_మాస్టారు:

అమ్మా, ముప్పై ఏళ్లకి పైగా ఈ సబ్జెక్టే చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చూసి సంతోషమేసింది, ఫస్ట్ సెమ్ కాగానే నాలుగేళ్ల గురించి అడిగే పిల్లలు నాకు కొద్దిమందే తగిలారు.

ముందు ఒకటి చెయ్యి. మీ బ్యాచ్‌కి వర్తించే సిలబస్, రెగ్యులేషన్ కాగితం డిపార్ట్‌మెంట్‌లో అడిగి జిరాక్స్ తీసుకో. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ వచ్చింది, అంతకుముందు మూడు సబ్జెక్టుల పద్ధతి, సీనియర్లు చెప్పేది వాళ్ల బ్యాచ్ లెక్క, నీకు సరిపోకపోవచ్చు. మూడేళ్లకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160 అనేది యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ పెట్టిన కొలత. నాలుగో ఏడాది రీసెర్చ్‌తో చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి, అది ఇప్పటినుంచే గుర్తుపెట్టుకో, ఎందుకంటే చాలామంది ఐదో సెమ్‌లో మేలుకుంటారు.

నీ చదివే వేగం గురించి భయపడకు, లెక్క వేసుకో. నాలుగొందల పేజీల నవల, గంటకి పన్నెండు పేజీలు అంటే ముప్పై మూడు, ముప్పై నాలుగు గంటలు. దాన్ని పది వారాలకి సర్దితే వారానికి మూడున్నర గంటలు లోపే. రోజూ ట్రైన్‌లో రానూపోనూ నీకు దాదాపు రెండు గంటలు దొరుకుతుంది కదా, అందులో సగం రోజులు సీటు దొరకదనుకున్నా సరిపోతుంది. కష్టం ఎక్కడ వస్తుందంటే పరీక్షకి మూడు వారాల ముందు నవల తెరిస్తే. కాబట్టి నవలలున్న పేపర్ వచ్చే సెమ్‌కి ముందు సెలవుల్లోనే మొదటి నవల పూర్తి చేసెయ్. ఆప్షన్ నీ చేతిలో ఉన్నచోట నవలల పేపర్ పక్కన ఇంకో నవలల పేపర్ పెట్టకు, కవిత్వమో భాషాశాస్త్రమో పెట్టు. ఫొనెటిక్స్, అంటే ఉచ్చారణ శాస్త్రం, దాన్ని కూడా చిన్నచూపు చూడకు, ఇంగ్లిష్‌లో 44 ధ్వనులు, అందులో మన నోటికి అలవాటు లేనివి ఏవో తెలిస్తే కవిత్వం పైకి చదివినప్పుడు చెవికి తెలుస్తుంది.

వరస విషయానికొస్తే లిటరరీ హిస్టరీ బట్టీ పట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఒక గోడ కాగితం మీద గీత గీసి పెట్టుకో, షేక్‌స్పియర్ 1564 నుంచి 1616, ఆయన పోయిన ఏడేళ్లకి 1623లో దాదాపు నాటకాలన్నీ ఒకచోట వేసిన ఫోలియో, మిల్టన్ పారడైజ్ లాస్ట్ 1667, లిరికల్ బాలడ్స్ మొదటి ముద్రణ 1798, ఇలా నువ్వు చదివిన పుస్తకం మాత్రమే ఆ గీత మీద ఎక్కించు. చదవనిది ఎక్కించకు. మూడో ఏడు అయ్యేసరికి ఆ గీత నిండుతుంది, అదే నీ హిస్టరీ. థియరీ ఐదో సెమ్ దాకా ఆగు. చేతిలో ముప్పై నలభై పుస్తకాలు లేకుండా థియరీ చదివితే అది దేని గురించి మాట్లాడుతుందో తెలియదు. ముందు చిన్న కవితలు, తర్వాత నాటకాలు పైకి చదివి, తర్వాత నవల, ఆ తర్వాత విమర్శ, ఇది నా పద్ధతి, అందరూ ఒప్పుకోరు.

రాయడం గురించి కొరిటెపాడు అమ్మాయి చెప్పింది నిజం, దానికి ఒకటి కలుపుతాను. రాయడం నేర్పే పేపర్ లేకపోయినా ప్రతి పేపర్‌లోనూ రాయడం ఉంది, దిద్దడం దగ్గర చూడాలి. ఇంగ్లిష్ కవి బ్లేక్ రాసిన లండన్ అనే కవిత 1794లో అచ్చయింది, పదహారు లైన్లు. వీధుల్లో నడుస్తూ చూసింది చెప్తాడు, వీధికీ థేమ్స్ నదికీ కూడా ఒకే విశేషణం, చార్టర్డ్. చార్టర్ అంటే రాజు రాసిచ్చే పట్టా, కంపెనీలకీ నగరాలకీ ఇచ్చే హక్కుపత్రం. ఆయన నోటుపుస్తకంలో మొదట ఆ చోట ఉన్న మాట డర్టీ. మురికి వీధి, మురికి నది. అది కొట్టేసి ఈ మాట పెట్టాడు. మురికి అంటే కంటికి కనపడేది. పట్టా అంటే ఆ వీధి ఎవరిదో, పారే నదిని కూడా ఎవరికో రాసిచ్చేశారని. ఒక్క మాట మార్చితే కవిత మొత్తం ఎటు తిరిగిందో చూడమ్మా. ప్రతి ఏడాదీ నేను బోర్డు మీద మొదట మురికి అని రాసి, పిల్లలు చూస్తుండగా చెరిపేసి రెండో మాట రాసేవాణ్ణి. ఆ గంట క్లాసులో కదిలేవాళ్లు కాదు.

కాబట్టి నీ వారం పేజీని ఒక్కసారి రాసి వదిలెయ్యకు. ఎడమ పేజీలో రాయి, కుడి పేజీ ఖాళీగా పెట్టు, వారం తర్వాత అదే మళ్లీ కుడివైపు రాయి. రెంటికీ తేడా ఏమిటో కింద రెండు లైన్లు. నాలుగేళ్లలో నీ దగ్గర మిగిలేది ఆ పుస్తకాలే.

గుంటూరు_ప్యాసింజర్:

మాస్టారూ, అక్కా, అన్నయ్యా, మీ ముగ్గురికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి నాన్నకి కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపించా. ముప్పై నాలుగు గంటల లెక్క విన్నాక నోట్‌బుక్ తెమ్మని ఆయనే పేపర్ మీద మళ్లీ వేసి చూశారు, సరిపోతుందే అన్నారు. మైనర్ తెలుగు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు, కానీ వేసవిలో కంప్యూటర్ కోర్సు చెయ్యాలని మాట తీసుకున్నారు.

నేను అనుకున్నది ఇలా ఉంది, తప్పయితే చెప్పండి. ఈ సెమ్ కవిత్వం ఉంది కాబట్టి వారానికి ఒక కవిత, నాటకాలు వచ్చేటప్పుడు మా క్లాస్‌లో గుంటూరు నుంచి వచ్చేవాళ్లం నలుగురం ఉన్నాం, ట్రైన్‌లో తలా ఒక పాత్ర చదువుకుంటాం, నవలలు సెలవుల్లో ముందే. జర్నలిజం మైనర్ పెట్టుకోకపోయినా గడువు అనేది నాకు కావాలి అన్నయ్యా, అందుకని ఆదివారం ఆదివారం ఆ నలుగురం అరండల్‌పేటలో మా ఫ్రెండ్ వాళ్లింట్లో కూర్చుని రాసినవి జిరాక్స్ తీసుకుని పంచుకుందాం అనుకున్నాం. నాకు మిగిలిన డౌట్ రెండు. వారం పేజీ ఇంగ్లిష్‌లో రాయాలా తెలుగులోనా? ఇంకా ఆ రాసే పేపర్ కాలేజీలో నడపకపోతే వేరే దారి ఉందా?

సత్యనారాయణపురం_కుర్రాడు:

రెండోదానికి నేను చెప్తా. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సులు పెట్టే స్వయం పోర్టల్ చూడండి, క్రెడిట్లు బదిలీ చేసుకునే వీలుంది, సెమిస్టర్‌లో ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం కోర్సులు ఒప్పుకోవచ్చని యూజీసీ 2021 రూల్. కానీ మీ యూనివర్సిటీ, కాలేజీ ముందుగా ఒప్పుకుంటేనే, చేసేశాక వెళ్లి అడిగితే కుదరదు. నా క్లాస్‌మేట్ ఒకడు కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే లిస్టులో లేదన్నారు. రాతపూర్వకంగా అడగండి. ఆదివారం కూర్చునేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి, రాసినవాళ్లు మాట్లాడకూడదు, మిగతా ముగ్గురూ మాట్లాడేదాకా నోరు మూసుకుని రాసుకోవాలి. బాగుంది అనే మాట ఒక్కటే చెప్పడం కూడా నిషేధం పెట్టండి, ఏ లైన్ బాగుందో వేలు పెట్టి చూపించాలి.

కొరిటెపాడు_అక్క:

భాష గురించి నేను చెప్తా. ఏది ముందు నోటికొస్తే ఆ భాషలో రాయి, ఎడమ పేజీ మీద. కుడి పేజీ రెండో భాషలో రాసి చూడు కొన్ని వారాలు. మాస్టారి పద్ధతికి చిన్న మార్పు ఇది, ఆయన ఏమనుకోరనుకుంటా. మీ అమ్మమ్మ మాట ఒకటి ఇంగ్లిష్‌లో పెట్టబోతే ఆగిపోతావు, ఎక్కడ ఆగావో అక్కడే నీకు ఆ మాట నిజంగా ఏంటో తెలుస్తుంది. నాకు ఎంగిలి అనే మాట దగ్గర రెండు రోజులు పట్టింది ఒకసారి. ఒక్క మాటలో కుదరక చివరికి వాక్యమే మార్చి, ఆ అమ్మాయి గ్లాసు పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకుంది అని రాశా.

పాత_మాస్టారు:

ఏమనుకోనమ్మా, మంచి మార్పే. గుంటూరు అమ్మాయీ, ఇంకో సంగతి చెప్పి ఊరుకుంటాను. కన్యాశుల్కం 1897లో వేసిందీ 1909లో వేసిందీ ఒకటి కాదు. గురజాడ రెండోసారికి అంతా తిరగరాశాడు, చాలా పెంచాడు, ఇప్పుడు మనం చదివేది ఆ రెండోది. రెండూ పక్కన పెట్టుకుని ఒక్క అంకం పోల్చి చూస్తే ఒక రచయిత పన్నెండేళ్ల తర్వాత తన పేజీని ఎలా దిద్దుకున్నాడో తెలుస్తుంది. నాలుగో ఏడాది ప్రాజెక్టుకి నీకు అది చక్కగా సరిపోతుంది, ఇంగ్లిష్ మేజర్, తెలుగు మైనర్ రెండూ అందులో పనికొస్తాయి. ఇప్పుడే మొదలుపెట్టమని కాదు. ఇంగ్లిష్ ముందుమాట మాత్రం ఈ వారం చదువు, కొద్ది పేజీలే. అరండల్‌పేటలో మీ మొదటి ఆదివారానికి నలుగురూ అదే చదువుకుని వెళ్లండి, అర్థం కాని వాక్యం ఉంటే ఇక్కడ పెట్టు, నేను చూస్తుంటాను.

గుంటూరు_ప్యాసింజర్:

సరే మాస్టారూ. ఫారం రేపు పొద్దున్నే ఇచ్చేస్తా. ఆదివారం రాత్రికి ఇక్కడ రాస్తా.